ఫోన్లు లేని బడి

వంటింటి బల్ల దగ్గర నుంచి,
ఆదివారం

వదినకు,

నీ కూతురూ నా కొడుకూ ముందుగదిలో తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుకుంటున్నారు. నా చెవులు అక్కడే ఉన్నాయి, చెయ్యి మాత్రం ఇక్కడ నీకు రాస్తోంది. ఫోన్ చేద్దామంటే మా ఇల్లు నీకు తెలుసు కదా, ఈ గదిలో దగ్గితే ఆ గదిలోంచి మంచినీళ్ళు తెస్తారు. అందుకని ఉత్తరం. నా రాత చూసి నవ్వకు, నేను బడిలో కూర్చున్నది ఎంతని.

సంగతేమిటంటే, మన చిమ్మటను మీ ఊళ్ళో ఆ పెద్ద ప్రైవేటు బడిలో, హాస్టల్లో పెట్టాలనుకుంటున్నారు. నువ్వు యూనిఫారాలు కుట్టే బడే. గోడలు బాగా ఎత్తు అని ఒకసారి చెప్పావు చూడు, అదే. పిల్ల ఈమధ్య కాస్త పెడసరంగా ఉంటోంది. పుట్టిన దగ్గర నుంచీ నోరు మూసింది లేదు, దాని రొద పడలేక చిమ్మట అని మనమే పేరు పెట్టాం. ఇప్పుడు పదిహేనేళ్ళు వచ్చేసరికి అడిగినదానికి కూడా జవాబు రాదు. బడిలో టీచరుతో ఏదో మాటా మాటా వచ్చిందట. పెద్ద విషయమేమీ కాదు. కొన్నాళ్ళు రావద్దన్నారు, అంతే. దానికి నా కొడుకు, డిపోలో బస్సులకు బోల్టులు బిగించి బిగించి, పిల్లను కూడా అలాగే బిగించాలంటాడు. నీ కూతురు ఆసుపత్రిలో ఊరందరికీ ధైర్యం చెప్పి ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటోంది.

ఆ బడి మేడ మీద పిట్టగోడ ఎంత ఎత్తుంటుంది? కిటికీలకు ఊచలున్నాయా? నీళ్ళ ట్యాంకుకు మూత ఉందా? ఒకదాని మీద ఒకటి మంచాలట, మన పిల్లకు పైది ఇస్తే నిద్రలో దొర్లి పడదా? జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసే మనిషి ఉందా? అన్నిటికంటే నాకు గుండెల్లో రాయి పడింది ఎక్కడంటే, అక్కడ పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదట. నెలకు ఒక్కసారి ఆఫీసు ఫోన్లోంచి మాట్లాడనిస్తారట. ఆ మధ్యలో పిల్లకు ఏమైనా అయితే మనకు ఎవరు చెబుతారు వదినా?

ఇంకో బడి కూడా చూశారు. మా వీధి మలుపులో మందుల దుకాణం పైన ఇద్దరు అక్కచెల్లెళ్ళు నడుపుతారు. అదీ ప్రైవేటుదే కానీ చిన్నది. వేరే చోట ఇమడని పిల్లల్ని చేర్చుకుంటారట. అది బడా, సామాను దింపుకునే గోడౌనా అంటాడు నా కొడుకు. నాకైతే అదే నయమనిపిస్తుంది. బాల్కనీలో కుర్చీ వేసుకుంటే దాని కిటికీలు తిన్నగా కనిపిస్తాయి. కింద లారీలు తిరిగే రోడ్డు, అదొక్కటే భయం. కానీ చిమ్మట దాని పేరు ఎత్తనివ్వదు. ఎక్కడైనా సరే, అక్కడ మాత్రం వద్దంది. ఎందుకే అంటే ముఖం తిప్పేసుకుంది.

నేను రాసినట్లు వీళ్ళకు చెప్పకు. తొందరగా జవాబు రాయి. నాకు నిద్ర లేదు.

నీ వియ్యపురాలు

*

కుట్టుమిషను ముందు నుంచి,
గురువారం

వదినా,

నీ ఉత్తరం చదివి నేనే మేడ ఎక్కి మా ఇంటి పిట్టగోడ ఊపి చూసుకుని వచ్చాను. ఇన్నేళ్ళూ దాన్ని నమ్ముకుని బట్టలు ఆరేశాను మరి.

ఊచలున్నాయి. ట్యాంకుకు మూత ఉంది, తాళం కూడా ఉంది. పైమంచానికి కమ్మీ ఉంటుంది. జ్వరం చూసే మనిషి ఉంది, మందు ఇస్తుంది. నుదుటి మీద చెయ్యి వేస్తుందో లేదో నేను చూడలేదు. బడి బాగానే ఉంటుంది. నేల అద్దంలా తుడుస్తారు. పిల్ల ఇక్కడుంటే సెలవు దొరికిన రోజు నా దగ్గరికి వస్తుంది, దాని కొలతలు నేనే తీసి దాని బట్టలు నేనే కుడతాను. అంతకంటే ఏం కావాలి?

ఇక నా ప్రశ్న. నా కూతురు మొన్న ఫోన్ చేసి నాలుగు మాటలు మాట్లాడి ఏడ్చి పెట్టేసింది. నువ్వేమో మాటా మాటా అంటున్నావు. మాటా మాటా వచ్చినందుకు పిల్లను ఇంట్లో కూర్చోబెట్టరు వదినా. నా దగ్గర దాచి ఎవరికి చెబుదామని? అసలు ఏం చేసింది అది?

రాసేదేదో తిన్నగా రాయి. నిద్ర లేదంటావు, పగలు కాస్త నడుం వాల్చు.

చిమ్మట అమ్మమ్మ

*

వంటింటి బల్ల దగ్గర నుంచి,
మంగళవారం

వదినా,

నీకు సూదిలో దారం ఎక్కించినంత సులువు, నా కడుపులో మాట లాగడం. రాస్తున్నాను. చదివి చించెయ్యి.

పాఠం జరుగుతుండగా చిమ్మట సంచిలో ఫోన్ మోగింది. ఆ బడిలో ఫోన్ ఆపి ఉంచాలని నియమం. టీచరు వచ్చి తీసుకుంది. ఆవిడ చేతిలో మళ్ళీ మోగింది. ఆపేద్దామని ఆవిడ నొక్కబోతుంటే మన పిల్ల బల్ల దాటి వచ్చి లాక్కుందట. ఆవిడా వదల్లేదు, ఇదీ వదల్లేదు. పెనుగులాటలో ఆవిడ మణికట్టు బల్ల అంచుకు కొట్టుకుని బాగా వాచింది. కట్టు కట్టుకుని వారం సెలవు పెట్టింది పాపం. ఫోను కింద పడి ముక్కలైంది. టీచరు మీద చెయ్యి చేసుకుందని పేరు పడిపోయింది. బడివాళ్ళు కేకలెయ్యలేదు, మర్యాదగానే వేరే బడి చూసుకోండి అన్నారు. నా కొడుక్కి తల కొట్టేసినట్లయింది. డిపోలో ఎవరితోనూ మాట్లాడటం లేదట.

ఎవరు చేశారు ఆ ఫోను అన్నదే ఇప్పుడు ఇంట్లో గొడవంతా. అది తండ్రి పాత ఫోను, తెర చిట్లి నల్లబడింది, ఎవరు చేస్తున్నారో కనిపించదు, మోగితే ఎత్తడమే. ఎవడో అబ్బాయి అని నా కొడుకు అనుమానం. నీ కూతురు కాదంటుంది కానీ గట్టిగా అనలేకపోతోంది. పిల్ల మాత్రం నోరు విప్పదు. నేనూ దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను, ఎవరమ్మా, నాకు చెప్పు, నేను ఎవరికీ చెప్పను అని. నా ముఖం వంక కాసేపు చూసి, నానమ్మా టీ పెట్టనా అని లేచిపోయింది.

ఇప్పుడు పిల్ల దగ్గర ఫోన్ లేదు. అది పక్కింటికి వెళ్ళి వస్తానన్నా గుమ్మంలో నిలబడిపోతున్నాను. ఇదివరకు బడికి చేరిందా అని ఒకసారి, తిన్నదా అని ఒకసారి, మబ్బు పడితే గొడుగు తీసుకెళ్ళిందా అని ఒకసారి పలకరించేదాన్ని. ఆ మాత్రం గొంతు వింటే చాలు, మళ్ళీ నా పని నేను చేసుకునేదాన్ని. హాస్టల్లో నెలకు ఒక్కసారంటే నేను బతకను. నువ్వే నీ కూతురికి చెప్పు, ఆ మలుపులో బడి మంచిదని చెప్పు. నువ్వు చెబితే వింటుంది.

నీ వదిన

*

కుట్టుమిషను ముందు నుంచి,
సోమవారం

వదినా,

రెండు సంగతులు. మొదటిది నా తప్పు.

బడి బాగానే ఉంటుందని రాశాను. నిన్న మొన్నటి దాకా అలాగే అనుకుంటూ, నన్ను నేను నమ్మించుకుంటూ ఉన్నాను. దాని మీదే నా మిషను తిరుగుతుంది, అదొకటి. పిల్ల నా దగ్గరికి వస్తుందన్న ఆశ ఇంకొకటి. నీ ఉత్తరం వచ్చాక మాత్రం బాగు చెయ్యమని పంపిన చొక్కాల మూట విప్పి బుద్ధిపెట్టి చూశాను. కాలర్ల కొసలు నమిలేసి ఉన్నాయి వదినా. ఒకటీ రెండూ అయితే అలవాటు అనుకుంటాం. మూటలో ముప్పాతిక అలాగే ఉన్నాయి. పెద్ద పిల్లలవి కూడా. చేతి మడతలు కొరికి కొరికి పోగులు పోయాయి. ఇన్నాళ్ళూ కొసలు కత్తిరించి కొత్తవి వేసి పంపుతున్నాను, ఇది ఏమిటని ఒక్కసారి అనుకోలేదు.

మర్నాడు కుట్టినవి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు భోజనాల వేళ దాకా కూర్చున్నాను. అంతమంది పిల్లలు తింటుంటే కంచాల చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. ఒక పిల్ల నవ్వింది. నవ్వినందుకు కంచం పట్టుకుని నిలబడి తింది. కొట్టరు, తిట్టరు. అది నిజం. కానీ మన చిమ్మట అక్కడ ఎలా ఉంటుందో నువ్వే అనుకో. ఇప్పటికే మాట్లాడటం మానేసిన పిల్ల.

రెండోది నిన్ను అడగాలి. అడిగితే నీకు కోపం వస్తుంది. వచ్చినా అడుగుతాను. ఆ రోజు దాని ఫోన్ మోగినప్పుడు నువ్వు ఏం చేస్తున్నావు?

ఒకసారి, ఒకసారి, ఒకసారి అని మూడు రాశావు. నేను మీ ఇంట్లో ఉన్న వారం రోజులూ చూశాను కదా. మూడుతో ఆగే మనిషివి కావు నువ్వు. మార్కెట్టుకు వెళ్ళి కాస్త ఆలస్యమైతే నా ఫోను కూడా వేడెక్కిపోయింది.

నీ వదిన

*

బాల్కనీ నుంచి,
శనివారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు క్షేమమని తలుస్తాను.

పిల్ల తిన్నదా అని అడగడం కూడా నేరమని నాకు ఇన్నాళ్ళూ తెలియదు, మీరు తెలియజేసినందుకు సంతోషం. మీకేం, మీ గుండె గట్టిది. మీ అన్నయ్యగారు పోయిన రోజు మీకు గుర్తుండదు. బ్యాంకులో వరసలో నిలబడి కూలబడిపోయారు. ఫోను ఇంట్లోనే మరచిపోయి వెళ్ళారు. మనిషి ఆసుపత్రి బల్ల మీద పేరు తెలియకుండా పడి ఉంటే నేను ఇంట్లో తీరిగ్గా బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒక దుప్పటి మడత సరిగా రాలేదని విప్పి మళ్ళీ మడతపెట్టాను. అలాంటి మధ్యాహ్నం మీకు రాలేదు. రాకూడదు కూడా.

ఆ రోజు అంటారా, టీవీలో ఎక్కడో బడి వ్యాను బోల్తా పడిందని చూపించారు. మన పిల్ల వ్యాను ఎక్కదు, నడిచి వెళుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. వ్యాను పడ్డది వేరే ఊళ్ళో, అదీ తెలుసు. అయినా చెప్పులు, సంచులు రోడ్డు మీద చూపిస్తుంటే మనసు ఆగుతుందా? చేశానేమో. ఎత్తకపోతే మళ్ళీ చేశానేమో. సరిగ్గా అప్పుడే చేశానని మీకు ఎవరు చెప్పారు? దానికి స్నేహితులు లేరా? వాళ్ళు చెయ్యరా?

పెద్ద బడివాళ్ళు వచ్చే బుధవారం పిల్లను మాట్లాడించడానికి తీసుకురమ్మన్నారు. కాలర్ల సంగతి నేను నా కొడుక్కి చెప్పాను. ఏ బడి పిల్లలైనా నములుతారమ్మా అన్నాడు. నేనూ వాళ్ళతో వస్తున్నాను, వద్దన్నా వస్తున్నాను. మీ ఇంటికి వచ్చే తీరిక ఉండదు.

ఇట్లు,
తమ వియ్యపురాలు

*

కుట్టుమిషను ముందు నుంచి,
సోమవారం

వదినా,

"గౌరవనీయులైన" చూసి వెనక్కి తిప్పి ఎవరి ఉత్తరమా అని చూశాను. బాగా తిట్టావు, మనసు తేలికపడి ఉంటుంది. అన్నయ్యగారి మధ్యాహ్నం నాకు గుర్తుంది. నీకు ఆ కబురు చెప్పడానికి గుమ్మంలోకి వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. నీ ఒడిలోంచి ఆ దుప్పటి నేనే తీసి పక్కన పెట్టాను.

బుధవారం బడి గేటు దగ్గర ఉంటాను. మాట్లాడకపోయినా ఫరవాలేదు.

నీ వదిన

*

వంటింటి బల్ల దగ్గర నుంచి,
గురువారం

వదినా,

గేటు దగ్గర నువ్వు అరటిపళ్ళ సంచి పట్టుకుని నిలబడి ఉంటే నేను చూడనట్లు వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు కూడా తల ఎత్తలేదు. అప్పుడు కోపంతో కాదు. లోపల జరిగినదానికి నా కాళ్ళ కింద నేల లేదు. ఎవరికీ చెప్పలేదు, నీకే మొదట రాస్తున్నాను.

పెద్ద మేడమ్ గది చల్లగా ఉంది. బల్ల మీద అద్దం పరిచి ఉంది, నా ముఖం అందులో కనిపిస్తుంటే చూసుకోలేక పక్కకు జరిగాను. గోడకు నియమాల పలక వేలాడదీశారు. ఆవిడ మర్యాదస్తురాలే. మార్కులు అడిగింది, టీచరు సంగతి అడిగింది, పిల్ల నేనే తప్పు చేశాను అని తల వంచుకుంది. నా కొడుకు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దోషిలా కూర్చున్నాడు. అప్పుడు మేడమ్ అంది, "ఇక్కడికి వచ్చే పిల్లలందరూ ఫోన్ తీసేసుకుంటామనగానే ఏడుస్తారు. నీ గొడవే ఫోన్‌తో మొదలైంది. నువ్వు ఉండగలవా?"

చిమ్మట తల ఎత్తింది. ఎన్నాళ్ళకో దాని గొంతు అంత స్పష్టంగా విన్నాను.

"నాకు ఈ బడి కావాల్సింది అందుకే మేడమ్. ఇక్కడైతే నాకెవరూ ఫోన్ చెయ్యలేరు కదా."

ఎవరు చేస్తారమ్మా అని మేడమ్ మెల్లగా అడిగింది. చెప్పలేదు. తండ్రి వైపు చూసింది, తల్లి వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు వదినా. చూసి ఉంటే బాగుండేది. చూడకుండా ఉండటానికి అది మెడ ఎంత బిగబట్టిందో నాకు కనిపించింది.

మేడమ్‌కు అది బాగా నచ్చింది. ఇంత తెలివిగా అడిగిన పిల్ల ఇదివరకు రాలేదంది, సీటు ఇచ్చేసింది. ఈ సోమవారం కాక పై సోమవారం చేర్చాలి. నా కొడుకైతే బయటకు రాగానే, చూశావా, ఎవడో వెంటపడుతున్నాడు, పిల్ల వాడి బాధ పడలేక దాక్కోవాలనుకుంటోంది, అన్నాడు. నువ్వు చెప్పిన కాలర్ల సంగతి మళ్ళీ ఎత్తితే కొట్టిపారేశాడు. కాలర్లు నమిలితే నమిలింది, ప్రాణం భద్రం అన్నాడు. ఇదివరకు బెదిరించడానికి పంపుదామనుకున్నాడు, ఇప్పుడు కాపాడటానికి పంపుతున్నాడు. ఇక ఆపడం ఎవరి వల్లా కాదు.

బస్సులో నేనూ చిమ్మటా వెనక సీట్లో కూర్చున్నాం. వాళ్ళిద్దరూ ముందెక్కడో. చాలాసేపు ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. చివరికి అడిగాను, నేనేనా అని. అది కిటికీలోంచి చూస్తూనే ఉంది. దానికి వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడగబోయాను. అప్పుడు చెప్పింది.

"నువ్వు చేస్తే నేను ఎత్తకపోతే రోడ్డు మీదికి వచ్చేస్తావు నానమ్మా. అప్పుడొకసారి చెప్పుల్లేకుండా వచ్చి లారీకి అడ్డంగా నిలబడ్డావు. డ్రైవరు తిట్టాడు నిన్ను. నేను ఎదురుగా ఉన్నాను, బడి గేటు దగ్గర. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు టీచరు ఆపేస్తుంటే నువ్వు రోడ్డు మీదికి వెళ్ళిపోతావని లాక్కున్నాను."

మరి అందరూ అన్ని మాటలంటుంటే నోరు విప్పి చెప్పవేమే అన్నాను. "చెప్తే నాన్న నిన్ను తిడతాడు. నీ ఫోన్ తీసేస్తాడు. ఫోన్ లేకపోతే నువ్వు రోజూ రోడ్డు మీదే ఉంటావు" అంది.

ఆ మలుపులో బడి ఎందుకు వద్దో నేను అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. బాల్కనీలో నా కుర్చీ నాకే కనిపించింది.

లారీ సంగతి నేను మరచిపోయాను వదినా. నిజంగా మరచిపోయాను. నాకు గుర్తున్నది ఇంటికి తిరిగి వచ్చాక పిల్ల క్షేమంగా ఉందని ఒళ్ళు చల్లబడ్డం ఒక్కటే.

ఇప్పుడు నేను నోరు విప్పితే నా కొడుకు ముందు, నీ కూతురి ముందు నేను ఏమవుతాను? విప్పకపోతే పిల్ల వెళ్ళిపోతుంది, నవ్వితే నిలబెట్టే చోటికి, నా నుంచి తప్పించుకోవడానికి. నువ్వే మీ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పెయ్యకూడదా? నేను ఆ వేళకు స్నానాల గదిలో ఉంటాను.

నీ వదిన

*

కుట్టుమిషను ముందు నుంచి,
శనివారం

వదినా,

నేను చెప్పను.

నేను చెబితే నీ మీద చాడీ అవుతుంది. నా కూతురు నన్ను సగం నమ్మి, నీ మీద సగం జాలిపడి, రెండు రోజులు చూద్దామంటుంది. ఆలోగా చేర్చాల్సిన సోమవారం వచ్చేస్తుంది. నువ్వు చెబితే నిజం అవుతుంది. నువ్వు చెబితేనే పిల్ల ఆగుతుంది. స్నానాల గదిలో దాక్కునే వయసా మనది?

ఇంకో మాట కూడా రాస్తున్నాను, నాకు దాపరికం వద్దు. పిల్ల ఇక్కడికి వస్తే నా ఇంట్లో దీపం పెట్టినట్టు ఉంటుంది. దానికోసం మంచం మీద కొత్త దుప్పటి కూడా వేశాను. అయినా వద్దంటున్నాను.

నీ భయాన్ని మానుకోమని చెప్పను. మానుకునేదే అయితే ఎప్పుడో మానుకునేదానివి. భయం వచ్చినప్పుడు కాగితం తీసుకుని నాకు రాయి. అడ్డమైనవన్నీ రాయి, ట్యాంకులు, లారీలు, వ్యాన్లు, నేను చదువుతాను. రాస్తున్నంతసేపూ ఫోన్ ముట్టకు. నేను భయపడను, నా గుండె గట్టిదని నువ్వే అన్నావుగా.

ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు. వాళ్ళిద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు చెప్పు. ఏడవకుండా చెప్పు. నువ్వు ఏడిస్తే వాళ్ళు నిన్ను ఓదార్చడంలో పడిపోయి పిల్లను మరచిపోతారు.

నీ వదిన

*

వెనక గది నుంచి,
సోమవారం

వదినా,

చెప్పాను. నీ ఉత్తరం అందిన రోజే చెప్పాను. రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఎందుకంటే అందరూ నాతో మాట్లాడటం మానేసి నాకు తల తిరిగింది.

నా కొడుకు డిపో నుంచి వచ్చి కొళాయి కింద చేతుల జిడ్డు కడుక్కుంటున్నాడు. నీ కూతురు పక్కనే తువ్వాలు పట్టుకుని ఉంది. ఇద్దరూ దొరికారని మొదలుపెట్టాను. ఆ రోజు ఫోను చేసింది నేను, ఏ అబ్బాయీ కాదు, లారీ సంగతి, బస్సులో పిల్ల అన్నది, ఒక్కటి మిగల్చలేదు. ఏడవలేదు. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. కొళాయి కట్టి నా కొడుకు అన్న మాట విను. "అమ్మా, నీ నంబరు నా ఫోన్లో మోగకుండా పెట్టి ఎన్నేళ్ళైందో. తీరినప్పుడు చూసుకుంటాను." కేకలేస్తాడనుకున్నాను, అంతకంటే ఇదే ఎక్కువ తగిలింది. నీ కూతురు తువ్వాలు మడతపెడుతూ, వార్డులో నేనూ ఎత్తను అత్తయ్యా, అంది.

అందరిలోకీ అదొక్కతే ఎత్తేది వదినా. మా అందరి వంతూ అదొక్కతే మోసింది.

చిమ్మట సంతోషిస్తుందనుకున్నాను. ఎందుకు చెప్పావు అని నా మీద విరుచుకుపడి తలుపు వేసుకుంది. తరవాత తండ్రి వెళ్ళి దాని మంచం మీద కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. నేను చెవి పెట్టలేదు, అంటే పెట్టాను కానీ ఏమీ వినపడలేదు. మర్నాడు ఇద్దరూ కలిసి ఆ టీచరు ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగి వచ్చారు. ఆవిడ లోపలికి రమ్మందట, కూర్చోమందట, అంతే, నవ్వలేదట. సీటు వద్దని పెద్ద బడికి నీ కూతురే చెప్పింది. మళ్ళీ అడిగితే సీటు ఇచ్చేది లేదన్నారు. ఇప్పుడు ఇదొక్కటే దారి.

మలుపులో బడికి వెళతాను కానీ అని పిల్ల ఒక షరతు పెట్టింది. నన్ను ఫోన్ తీసెయ్యమంటుందేమో, ఇచ్చేద్దాం అనుకున్నాను. కాదు. ఫోన్ నీ దగ్గరే ఉంచుకో, చెయ్యకు అంది. బాల్కనీ గది తనకు కావాలంది. అందుకని నా మంచం వెనక గదిలోకి వచ్చింది. ఇక్కడి కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదు.

ఈ రోజు మొదటి రోజు. పొద్దున్న వెళ్ళింది. వెళ్ళొస్తానని తల్లికి చెప్పింది, నాకు చెప్పలేదు.

బడి వదిలే వేళ దాటిపోయింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళూ మొదటి రోజని ఉంచుకుని ఉంటారు. వాన మొదలైంది. గట్టి వానే. ఆ దుకాణం ముందు మెట్లు నున్నగా ఉంటాయి, నేను చూశాను. లారీలు వానలో ఆగవు. ఇప్పుడే ఏదో సైరను వినపడి పోయింది, ఎటు పోయిందో తెలియలేదు. ఫోను దిండు కింద ఉంది. దాని మీద రెండో దిండు కూడా పెట్టాను.

ఇంట్లో ఎవరూ లేరు. కొడుకు డిపోలో, నీ కూతురు వార్డులో. లేచి బాల్కనీలోకి వెళ్ళడానికి ఎన్ని అడుగులు, ఎవరు చూస్తారు? వెళ్ళను. ఈ ఉత్తరం ఇక్కడ ఆపితే నా చేతికి పని ఉండదు, చెయ్యి ఊరుకోదు. అందుకని రాస్తూనే ఉన్నాను. ఏం రాయను? పక్కింటి గోడకు చెమ్మ ఎక్కింది. ఒక చోట సున్నం ఊడి కుందేలులా ఉంది. చెవి మాత్రం ఒకటే ఉంది. పక్కింటావిడ ఆరేసిన బట్టలు తియ్యలేదు, తడిసిపోతున్నాయి, కేకెయ్యాలి, లేవను, లేస్తే ఆగను. నీ మోకాలు నొప్పి ఎలా ఉంది? నేను ఎప్పుడూ అడగలేదు నిన్ను. పిల్ల గొడుగు తలుపు వెనకే వేలాడుతోంది, ఇప్పుడే చూశాను. వదినా, తీసుకెళ్ళలేదు. ఈ అక్షరాలు నీకు తెలుస్తున్నాయో లేదో. కుందేలుకు తోక కూడా ఉంది.

మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నారు. పై అంతస్తువాళ్ళూ కావచ్చు. తల ఎత్తను, రాస్తున్నాను. తాళం చెవి చప్పుడు. తలుపు తీసింది.

వచ్చింది. సంచి నేల మీద పడేసింది. నీళ్ళు తాగింది. ఇటు వచ్చి నా గుమ్మంలో నిలబడింది. జుట్టు చివర్లు తప్ప తడవలేదు. నేను కాగితం మీంచి కళ్ళు తియ్యలేదు, అదేమనుకుందో తెలియదు, కాసేపు నేను రాస్తుంటే చూసింది.

"వాన తగ్గేదాకా ఆగాను. అక్కడొకమ్మాయి గొడుగులో తీసుకొచ్చింది. బాగా వాగుతుంది ఆ పిల్ల" అంది. తన గదిలోకి వెళ్ళిపోయింది.

నేను అడగలేదు వదినా. అదే చెప్పింది.

నీ వదిన